లాగిన్ అవుతోంది, లోపలికి రానివ్వడం లేదు: టామ్‌క్యాట్‌లో ఎస్ఎస్ఓ యూజర్లకు రోల్స్ కట్టిన ప్రాజెక్టు డైరీ

మా టీమ్ చూసుకునే అప్లికేషన్ ఒకటి చాలా ఏళ్లుగా టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ మీద నడుస్తోంది. ఒకరు అభ్యర్థన రాస్తారు, ఇంకొకరు ఆమోదిస్తారు, మూడో వాళ్లు లెక్క చూస్తారు. యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు, రోల్స్ (ఎవరు ఏ పని చేయొచ్చో చెప్పే పేర్లు) అన్నీ దాని సొంత డేటాబేస్‌లోనే ఉండేవి. ఇకమీదట అన్ని అప్లికేషన్లకూ ఒకే లాగిన్, అంటే సింగిల్ సైన్ ఆన్ (ఎస్ఎస్ఓ) అని సంస్థలో నిర్ణయమైంది. పని నా మీద పడింది. రోజూ సాయంత్రం రాసుకున్న నోట్స్ ఇవి. ఇదే పని మీద కూర్చునేవాళ్లకు పనికొస్తాయని శుభ్రం చేసి పెడుతున్నాను.

1వ రోజు

ఎస్ఎస్ఓ జోలికి ఇంకా పోలేదు. ముందు మా కోడ్‌లో రోల్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికాను. మూడు చోట్ల దొరికింది. అప్లికేషన్ సెట్టింగుల ఫైలైన వెబ్.ఎక్స్ఎంఎల్‌లో ఏ యూఆర్ఎల్‌కు ఏ రోల్ కావాలో రాసిన సెక్యూరిటీ కన్‌స్ట్రెయింట్లు ఒకటి. పేజీలు తయారుచేసే జావా కోడ్‌లో, అంటే సర్వ్‌లెట్లలో, జేఎస్పీల్లో ఈజ్‌యూజర్‌ఇన్‌రోల్ అని అడిగే లైన్లు రెండోది. మూడోది నేను ఊహించనిది: రోల్‌ను అడగకుండా నేరుగా యూజర్ పేరునే పోల్చే కోడ్. ఎప్పుడో ఎవరో అవసరానికి రాసి ఉంటారు. యూజర్ పేరు మారిన రోజున అది నిశ్శబ్దంగా పనిచేయడం మానేస్తుంది. అలాంటివి 4 ఉన్నాయి, నాలుగింటినీ ఈరోజే రోల్ ప్రశ్నలుగా మార్చాను.

వెతుకుతుంటే ఒక కన్నం కూడా బయటపడింది. ఆమోదం పేజీల కన్‌స్ట్రెయింట్‌లో గెట్, పోస్ట్ అని రెండు మెథడ్‌లే (బ్రౌజర్ సర్వర్‌ను అడిగే తీరులు) రాసి ఉన్నాయి. మెథడ్ పేర్లు రాస్తే ఆ కాపలా వాటికే పరిమితం. హెడ్, పుట్ వంటి మిగతావన్నీ లాగిన్ కూడా అక్కర్లేకుండా వెళ్లిపోతాయి. మెథడ్ పేర్లు తీసేసి, సర్వ్‌లెట్ 3.1 నుంచి ఉన్న డినై-అన్‌కవర్డ్-హెచ్‌టీటీపీ-మెథడ్స్ అన్న ట్యాగ్ పెట్టాను. ఎస్ఎస్ఓతో దీనికి సంబంధం లేదు కానీ కంటపడ్డాక వదిలేసి ముందుకు పోవడం నా వల్ల కాదు.

రోల్స్ చివరికి మూడే తేలాయి: రాసేవారు, ఆమోదించేవారు, ఆడిటర్. పనిని బట్టి పెట్టిన పేర్లు కావడం మా అదృష్టం. ఏదో విభాగం పేరో, సంస్థ ఉద్యోగుల డైరెక్టరీలోని గ్రూపు పేరో కోడ్‌లో ఉండి ఉంటే ఈ డైరీ రెండింతలయ్యేది.

2వ రోజు

ఒకే లాగిన్‌కు వాడే ప్రమాణం ఓపెన్ఐడీ కనెక్ట్ 2014 నుంచి ఉన్నా, టామ్‌క్యాట్‌లో దానికి సొంత ఆథెంటికేటర్ లేదు. జకార్తా సెక్యూరిటీ 3.0లో ఓపెన్ఐడీ లాగిన్‌ను ఒక అనోటేషన్‌తో రాసే వీలుంది కానీ అది పూర్తి జకార్తా ఈఈ సర్వర్లతో వచ్చేది, టామ్‌క్యాట్‌తో రాదు. కాబట్టి ముందు అపాచీ హెచ్‌టీటీపీడీ వెబ్ సర్వర్, అందులో ఓపెన్ఐడీ లాగిన్ చూసుకునే మాడ్_ఆథ్_ఓపెన్ఐడీసీ మాడ్యూల్, వెనక టామ్‌క్యాట్ 10.1 అని గీసుకున్నాం.

టీమ్‌లో ఒకతను సులువైన దారి ఒకటి చెప్పాడు. "అన్నా, ముందు సర్వర్ యూజర్ పేరును ఒక హెడర్‌లో పెట్టి పంపుతుంది. మనం ఒక ఫిల్టర్ రాసి, రిక్వెస్ట్‌ను చుట్టేసి, ఈజ్‌యూజర్‌ఇన్‌రోల్‌ను మనమే ఓవర్‌రైడ్ చేద్దాం. గంటలో అయిపోతుంది." గంటలోనే రాశాడు కూడా. జేఎస్పీల్లో బాగానే పనిచేసింది. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో కాపలా ఉన్న ప్రతి పేజీ మాత్రం 403, అంటే అనుమతి లేదన్న జవాబు.

కారణం వరుసలో ఉంది. టామ్‌క్యాట్‌లో కన్‌స్ట్రెయింట్లు చూసే ఆథెంటికేటర్ ఒక వాల్వ్, అంటే రిక్వెస్ట్ దారిలో టామ్‌క్యాట్ సొంత గేటు. అది మన అప్లికేషన్‌లోని ఫిల్టర్ల కంటే ముందే నడుస్తుంది. అక్కడ రోల్ లేదని తేలితే రిక్వెస్ట్ మన ఫిల్టర్ దాకా రానే రాదు. ఇక ఫిల్టర్‌లో ఎంత చక్కగా రోల్స్ పంచినా పంక్తి లేచిపోయాక వడ్డించినట్టే. వెబ్.ఎక్స్ఎంఎల్ కాపలా అంతా పీకేసి ఫిల్టర్‌కే అప్పగించొచ్చు, కొందరు అలా చేస్తారు. పదేళ్లుగా సరిగ్గా కాస్తున్న కంచెను తీసి కొత్తది వేయడానికి నా మనసు ఒప్పలేదు. రోల్స్ కంటైనర్‌కే, అంటే టామ్‌క్యాట్‌కే తెలియాలి, ఫిల్టర్ దారి వద్దు అని ముగించాం.

4వ రోజు

హెచ్‌టీటీపీడీ నుంచి టామ్‌క్యాట్‌కు ఏజేపీ ప్రోటోకాల్‌తో కలిపాను. ఏజేపీ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. లాగిన్ అయిన యూజర్ పేరు అందులో హెడర్‌గా కాకుండా ప్రోటోకాల్‌కు సొంతమైన అట్రిబ్యూట్‌గా వెళ్తుంది. బ్రౌజర్ నుంచి ఎవరు ఏ హెడర్ పంపినా దాన్ని తాకలేరు.

కనెక్టర్‌లో టామ్‌క్యాట్‌ఆథెంటికేషన్ అన్న అట్రిబ్యూట్‌ను ఫాల్స్ చేశాను. అంటే యూజర్ ఎవరో ముందున్న సర్వర్ చెబుతుంది, నువ్వు మళ్లీ అడగకు అని. పాత ఫారమ్ లాగిన్ తీసేశాను. రీస్టార్ట్ చేసి బ్రౌజర్ తెరిచాను. లాగిన్ పేజీకి వెళ్లింది, పాస్‌వర్డ్ తీసుకుంది, తిరిగి మా అప్లికేషన్‌కు వచ్చింది. పక్క సీట్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇల్లు అలకగానే పండగ కాదుగా. మొదటి లింక్ నొక్కగానే 403.

ఊహాగానాలు మాని చిన్న జేఎస్పీ పేజీ ఒకటి రాశాను, కాపలా లేని చోట పెట్టాను. అది నాలుగు సంగతులే చూపిస్తుంది: గెట్‌రిమోట్‌యూజర్ ఏమిస్తోంది, ప్రిన్సిపల్ (లాగిన్ అయిన మనిషికి టామ్‌క్యాట్ లోపలి రూపం) ఏ క్లాసుకు చెందింది, మూడు రోల్స్‌లో ఏవి ఉన్నాయి, సెషన్ ఎప్పుడు మొదలైంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ సాయపడింది ఆ పేజీయే. ఈరోజు అది చూపించింది ఇది: యూజర్ పేరు ఉంది, ప్రిన్సిపల్ క్లాసు కొయొటీప్రిన్సిపల్, మూడు రోల్స్‌కూ ఫాల్స్.

కొయొటీప్రిన్సిపల్ అంటే వట్టి పేరు. టామ్‌క్యాట్ రెల్మ్ (యూజర్లను, రోల్స్‌ను చూసుకునే భాగం) రోల్స్ వెతికేది జెనరిక్‌ప్రిన్సిపల్‌లో మాత్రమే, ఇంకేదైనా కనబడితే ఏ రోల్ అడిగినా లేదనే చెబుతుంది. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఇలా వచ్చే ప్రిన్సిపల్‌కు రోల్స్ ఉండవని టామ్‌క్యాట్ డాక్యుమెంటేషన్‌లో ఆ అట్రిబ్యూట్ పక్కనే రాసి ఉంది. ఎస్ఎస్ఓ తన పని చేసింది, వచ్చినవాళ్లు ఎవరో చెప్పింది. వాళ్లు మా దగ్గర ఏం చేయొచ్చో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

5వ రోజు

ఒక్క పదం మార్పు. టామ్‌క్యాట్‌ఆథెంటికేషన్ తీసేసి టామ్‌క్యాట్‌ఆథరైజేషన్‌ను ట్రూ చేశాను. రెండు పేర్లూ కవల పిల్లల్లా ఉంటాయి, పనులు వేరు. ఇది ట్రూ అయితే యూజర్ ఎవరన్నది బయటి సర్వర్ మాట, రోల్స్ ఏవన్నది టామ్‌క్యాట్ రెల్మ్ మాట. పాస్‌వర్డ్ అడగకుండా పేరు మాత్రం రెల్మ్‌కు ఇచ్చి, ఇతని రోల్స్ పట్టుకురా అంటుంది.

రెల్మ్ పాతదే, డేటాబేస్‌లో వెతికే డేటాసోర్స్‌రెల్మ్. రోల్స్ పట్టిక అలాగే ఉంది. ఇక అయిపోతుందనుకున్నాను. మళ్లీ 403.

టెస్ట్ పేజీ చూస్తే ఈసారి వేరే కథ. యూజర్ పేరు స్థానంలో అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి తాడు, చివర @ గుర్తు, ఆపైన గుర్తింపు సర్వర్ చిరునామా. మాడ్_ఆథ్_ఓపెన్ఐడీసీ ఏమీ చెప్పకపోతే టోకెన్‌లోని (గుర్తింపు సర్వర్ ఇచ్చే లాగిన్ చీటీ) సబ్ అన్న క్లెయిమ్‌ను, అంటే అందులోని ఒక వివరాన్ని తీసుకుని, దాని వెనక జారీ చేసినవారి పేరు తగిలిస్తుంది. మా పట్టికలో అలాంటి పేరు ఎవరికీ లేదు. రెల్మ్‌కు తెలియని పేరొస్తే టామ్‌క్యాట్ ఎర్రర్ ఇవ్వదు. ఏ రోల్సూ లేని ప్రిన్సిపల్‌ను తయారుచేసి ఊరుకుంటుంది. నిన్నటి 403, ఈనాటి 403 బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ పేజీ లేకపోతే రెండూ ఒకటే అనుకుని రోజంతా పోగొట్టుకునేవాణ్ణి.

7వ రోజు

ఏ క్లెయిమ్‌ను యూజర్ పేరుగా తీసుకోవాలన్న చర్చకే రోజు సరిపోయింది, సరిపోవాలి కూడా.

మొదట అందరూ చెప్పింది ఈమెయిల్. చదవడానికి బాగుంటుంది, అందరికీ ఉంటుంది. కానీ ఈమెయిల్ మారుతుంది. ఇంటిపేరు మారినవాళ్ల చిరునామా మారుతుంది. ఒకరు వెళ్లిపోయాక అదే చిరునామా ఇంకొకరికి ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. అప్పుడు పాతవారి ఆమోదం అధికారం కొత్తవారికి చెప్పాపెట్టకుండా వచ్చేస్తుంది. ఓపెన్ఐడీ కనెక్ట్ ప్రమాణమే ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది: మనిషికి స్థిరమైన గుర్తుగా నమ్మదగినవి ఇష్యూయర్, సబ్ అనే రెండు క్లెయిమ్‌లు కలిపి మాత్రమే. ప్రిఫర్డ్_యూజర్‌నేమ్ కూడా ఒక్కరికే ప్రత్యేకమన్న భరోసా లేదు.

మరి సబ్‌నే వాడదామా అంటే, డైరెక్టరీలో ఆ విలువతో వెతికితే ఎవరూ దొరకరు. చివరికి డైరెక్టరీ చూసేవారితో మాట్లాడాం. ఉద్యోగి సంఖ్యను వాళ్లు ఎప్పుడూ రెండోసారి వాడరు, మార్చరు. డైరెక్టరీని అడిగే ప్రోటోకాల్ అయిన ఎల్‌డాప్‌లో దానికి ఎంప్లాయీనంబర్ అన్న అట్రిబ్యూట్ ఎలాగూ ఉంది. టోకెన్‌లో దాన్ని ఒక క్లెయిమ్‌గా పంపమని అడిగాం, ఒప్పుకున్నారు. ఓఐడీసీరిమోట్‌యూజర్‌క్లెయిమ్‌లో ఆ పేరు పెట్టాను.

దీనికి ఒక మూల్యం ఉంది. పాత రికార్డుల్లో ఈ అభ్యర్థన రాసింది ఎవరు అన్న చోట పాత యూజర్ పేర్లు ఉన్నాయి. పాత పేరు ఒకవైపు, ఉద్యోగి సంఖ్య ఇంకోవైపు పెట్టి ఒక పట్టిక తయారుచేశాం. ఇద్దరు ముగ్గురు పంచుకుని వాడిన ఉమ్మడి ఖాతాలు ఇందులో బయటపడ్డాయి. వాటిని ఎవరికీ కట్టలేదు, పాత రికార్డుల్లో అలాగే ఉంచాం.

10వ రోజు

ఇప్పుడు అసలు పని. ఎవరికి ఏ రోల్ అన్నది మా పట్టికలో చేత్తో రాసుకోవడం మానాలి. మనిషి విభాగం మారితే డైరెక్టరీలో గ్రూపు మారుతుంది, మా దగ్గరా తనంతట తానే మారాలి.

గ్రూపులు రావడానికి రెండు దారులు. టోకెన్‌లోనే రప్పించుకోవడం, లేదా టామ్‌క్యాట్ నేరుగా డైరెక్టరీని అడగడం. టోకెన్ దారి ఆధునికంగా కనిపిస్తుంది, నేనూ రెండు రోజులు దాని వెంటే పడ్డాను. గ్రూప్స్ అన్న క్లెయిమ్ ఓపెన్ఐడీ కనెక్ట్ మూల ప్రమాణంలో లేదు. ఒక్కొక్కరు ఒక్కో ఆకారంలో పంపుతారు. కీక్లోక్ అన్న గుర్తింపు సర్వర్ రోల్స్‌ను రెల్మ్_యాక్సెస్ అన్న దాని లోపల ఒక జాబితాగా పెడుతుంది. మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ మామూలుగా గ్రూపు పేర్ల బదులు వాటి ఆబ్జెక్ట్ ఐడీలు ఇస్తుంది. జేడబ్ల్యూటీ రకం టోకెన్‌లో 200 గ్రూపులు, శామల్ అన్న ఇంకో ప్రమాణపు అసర్షన్‌లో 150 దాటితే జాబితా పెట్టదు, వేరే చోట అడిగి తెచ్చుకోమన్న సూచన మాత్రం పెడుతుంది. ఆ సూచనను చదవని కోడ్‌కు ఆ మనిషి ఏ గ్రూపులోనూ లేనట్టే లెక్క. పైగా హెచ్‌టీటీపీడీ అందుకున్న క్లెయిమ్‌లను టామ్‌క్యాట్ రోల్స్‌గా మార్చడానికి మళ్లీ సొంత కోడ్ రాయాలి.

డైరెక్టరీ దారికి టామ్‌క్యాట్‌లో జేఎన్‌డీఐరెల్మ్ సిద్ధంగా ఉంది. అదే ఎంచుకున్నాను. యూజర్‌సెర్చ్‌లో ఉద్యోగి సంఖ్యతో వెతకమన్నాను. రోల్‌సెర్చ్‌లో గ్రూపు సభ్యుల్లో ఈ మనిషి డీఎన్ (డైరెక్టరీలో పూర్తి చిరునామా) ఉందా అని అడగమన్నాను. రోల్‌నేమ్‌కు గ్రూపు సీఎన్, అంటే దాని పేరు. మనిషి పాస్‌వర్డ్ మన చేతిలో ఉండదు కాబట్టి వెతకడానికి చదివే హక్కు మాత్రమే ఉన్న సర్వీస్ ఖాతా ఒకటి విడిగా ఇప్పించుకున్నాం.

టెస్ట్ పేజీలో నాలుగో రోజు కొయొటీప్రిన్సిపల్ అని ఉన్న చోట ఇప్పుడు జెనరిక్‌ప్రిన్సిపల్ అని ఉంది. ఆ ఒక్క పదం మారడం చూసి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

11వ రోజు

కానీ రోల్స్ ఇంకా ఫాల్సే. డైరెక్టరీలో గ్రూపు పేర్లు పొడవుగా, కోడ్‌లతో ఉంటాయి. మా రోల్ పేరు చిన్నది. రెంటికీ మధ్య వంతెన కావాలి.

వెబ్.ఎక్స్ఎంఎల్‌లో మా రోల్ పేర్లు తీసేసి గ్రూపు పేర్లు రాస్తే ఈ క్షణమే అయిపోతుంది. అది మాత్రం చేయకూడదు. టెస్ట్ పరిసరంలో గ్రూపు పేరు ఒకటి, అసలు పరిసరంలో ఇంకొకటి. ఒకే వార్ ఫైల్ (అప్లికేషన్ ప్యాకేజీ) రెండు చోట్లా నడవాలి. సర్వ్‌లెట్ ప్రమాణంలో సెక్యూరిటీ-రోల్-రెఫ్ అనేది ఉంది కానీ అది ఒక్కో సర్వ్‌లెట్‌కు విడిగా రాసుకోవాలి, కోడ్‌లోని పేరును వెబ్.ఎక్స్ఎంఎల్‌లోని రోల్‌కు కలపడానికి ఉద్దేశించింది. బయటి గ్రూపులకు కాదు.

టామ్‌క్యాట్‌లో దీనికోసమే ప్రాపర్టీస్‌రోల్‌మ్యాపింగ్‌లిజనర్ ఉంది. కాంటెక్స్ట్‌లో దాన్ని చేర్చి ఒక ప్రాపర్టీస్ ఫైల్ చూపిస్తే చాలు. మూడు రోల్స్, మూడు లైన్లు. రాశాను, రీస్టార్ట్ చేశాను, ఏమీ మారలేదు. లాగ్‌లో ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

మూడు లైన్ల ఫైల్‌లో తప్పు పట్టడానికి ముప్పావు గంట పట్టింది. నేను ఎడమవైపు గ్రూపు, కుడివైపు రోల్ రాశాను. ఈ గ్రూపు వాళ్లకు ఈ రోల్ ఇవ్వు అని మనం తలలో అనుకునే వరుస అదే. ఇక్కడ మాత్రం ఎడమవైపు అప్లికేషన్ రోల్, కుడివైపు రెల్మ్‌కు తెలిసిన గ్రూపు. టామ్‌క్యాట్ అడిగే ప్రశ్న వేరు మరి: కోడ్ ఆమోదించేవారు అన్న రోల్ అడిగింది, రెల్మ్ దగ్గర దాన్ని ఏ పేరుతో వెతకాలి? ఆ ప్రశ్న వైపు నుంచి చూస్తే వరుస సరిగ్గానే ఉంది. తిప్పి రాశాను. టెస్ట్ పేజీలో ఆమోదించేవారు ఎదురుగా ట్రూ వచ్చింది, పదకొండు రోజుల్లో మొదటి ట్రూ.

ఇదే ప్రశ్న నుంచి ఇంకో పరిమితి కూడా తెలుస్తుంది. ఒక రోల్‌కు ఒకే పేరు. రెండు గ్రూపులను ఒకే రోల్‌కు కట్టాలంటే ఈ ఫైల్‌లో కుదరదు. మా ఆడిటర్ రోల్‌కు మూడు విభాగాల గ్రూపులున్నాయి. డైరెక్టరీలోనే మా అప్లికేషన్ కోసం ఒక కొత్త గ్రూపు తెరిచి, ఆ మూడింటినీ దాని లోపల సభ్యులుగా పెట్టించాం. రెల్మ్‌లో రోల్‌నెస్టెడ్‌ను ట్రూ చేస్తే గ్రూపులో గ్రూపునూ వెతుకుతుంది. యాక్టివ్ డైరెక్టరీ ఉన్నవాళ్లు ఆ వెతుకులాట అంతా డైరెక్టరీకే వదిలేయొచ్చు. రోల్‌సెర్చ్‌లో 1.2.840.113556.1.4.1941 అన్న మ్యాచింగ్ రూల్ రాస్తే గొలుసంతా ఒకే ప్రశ్నలో తేల్చేస్తుంది.

12వ రోజు

ఆడిటర్ స్పెల్లింగ్ ఒకచోట పెద్ద అక్షరంతో ఉంది. రోల్ పేర్లలో పెద్దచిన్న అక్షరాల తేడా పట్టింపే. కన్‌స్ట్రెయింట్‌లో వాడి, పైన ప్రకటించని రోల్ ఉంటే టామ్‌క్యాట్ స్టార్టప్ లాగ్‌లో ఒక వాక్యం రాస్తుంది. ఇంతకాలం చదవలేదు, ఇకనుంచి చదువుతాం.

15వ రోజు

పదిమందితో ట్రయల్ పెట్టాం. తొమ్మిదిమందికి పనిచేసింది. పదో ఆవిడ మా పెద్ద మేనేజర్. లాగిన్ అయ్యాక ఆవిడకు ఎర్రర్ పేజీ వస్తోంది, అది 403 కూడా కాదు.

"అందరికంటే ఎక్కువ వాడేది నేనే కదండీ, నాకే రాకపోతే ఎలా?" అని అడిగారు. ఆవిడ పక్కనే కూర్చుని చూశాను. టామ్‌క్యాట్ యాక్సెస్ లాగ్‌లో ఆవిడ రిక్వెస్ట్ జాడే లేదు. అంటే అక్కడిదాకా రాలేదు. హెచ్‌టీటీపీడీ ఎర్రర్ లాగ్‌లో దొరికింది: ఏజేపీ మెసేజ్‌లో హెడర్ చేర్చబోతే బఫర్‌లో పట్టలేదని.

పదో రోజు ప్రయత్నించి వదిలేసిన టోకెన్ గ్రూపులను ఆపమని గుర్తింపు సర్వీసు వాళ్లకు చెప్పడం మేం మరిచిపోయాం. మాడ్_ఆథ్_ఓపెన్ఐడీసీ మామూలుగా అన్ని క్లెయిమ్‌లనూ హెడర్లుగా వెనక సర్వర్‌కు పంపిస్తుంది. ఒక్కో గ్రూపు ఐడీ 36 అక్షరాలు, మధ్యలో కామా. ఆవిడ 190 గ్రూపుల్లో ఉన్నారు. 37తో గుణిస్తే 7,030 బైట్లు, ఒక్క హెడర్‌కే. ఏజేపీ ప్యాకెట్ డిఫాల్ట్ పరిమాణం 8,192 బైట్లు. కుకీలు, మిగతా హెడర్లు కలిపేసరికి పాత్ర నిండి పొర్లింది. ఎక్కువ బాధ్యతలున్నవాళ్లు ఎక్కువ గ్రూపుల్లో ఉంటారు, అందుకే ఈ దెబ్బ ముందు పైవాళ్లకే తగులుతుంది.

ప్యాకెట్‌ను 65,536 దాకా పెంచొచ్చు, టామ్‌క్యాట్‌లో ప్యాకెట్‌సైజ్, హెచ్‌టీటీపీడీలో ప్రాక్సీఐఓబఫర్‌సైజ్ రెండూ ఒకే విలువకు మారిస్తే సరి. కానీ మేం చదవని సమాచారం కోసం పాత్ర పెంచడం దేనికి? ఓఐడీసీపాస్‌క్లెయిమ్స్‌యాజ్‌ను నన్ చేశాను, టోకెన్‌లో గ్రూపులు ఆపించాం. ఆవిడ లోపలికి వెళ్లారు, అక్కడే నాలుగు అభ్యర్థనలు ఆమోదించారు.

ఇలా చేశాక పైన కుడివైపు మూలలో మనిషి పేరు బదులు ఉద్యోగి సంఖ్య కనబడింది. పేరు ఇప్పుడు ఏడో రోజు చేసుకున్న మా పట్టిక నుంచి తీసి చూపిస్తున్నాం.

16వ రోజు

పక్క టీమ్ వాళ్లు ఇదే పని వేరే సర్వర్ల మీద చేయాల్సి ఉంది, మా నోట్స్ అడిగారు. కూర్చుని పోల్చి చూశాం. వాళ్లకు మాకంటే సులువు. వెబ్‌లాజిక్‌లో వెబ్‌లాజిక్.ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో సెక్యూరిటీ-రోల్-అసైన్‌మెంట్ రాసి ఒక రోల్ కింద ఎన్ని ప్రిన్సిపల్ పేర్లయినా పెట్టొచ్చు. గ్లాస్‌ఫిష్‌లో సెక్యూరిటీ-రోల్-మ్యాపింగ్ కింద గ్రూపు పేరు, మనిషి పేరు విడివిడిగా రాసే వీలుంది. వెబ్‌స్పియర్ లిబర్టీలో ఈ కట్టడం సర్వర్.ఎక్స్ఎంఎల్‌లోనే రాయొచ్చు, లాగిన్ అయిన ప్రతివారికీ అని చెప్పడానికి ఒక ప్రత్యేక సబ్జెక్ట్ కూడా ఉంది. వైల్డ్‌ఫ్లైలో భద్రత చూసుకునే ఎలిట్రాన్‌కు రోల్ డికోడర్, రోల్ మ్యాపర్ అని రెండు మెట్లు. పేర్లు వేరైనా ఆకారం ఒకటే: కోడ్‌లో పని పేరు, బయట గ్రూపు పేరు, మధ్యలో సర్వర్‌కు చెందిన చిన్న జాబితా.

వాళ్ల వెబ్.ఎక్స్ఎంఎల్‌లో ఒక * గుర్తు ఉంది, లాగిన్ అయిన అందరికీ అన్న ఉద్దేశంతో పెట్టారు. * అంటే ఆ ఫైల్‌లో ప్రకటించిన రోల్స్‌లో ఏదో ఒకటి ఉన్నవారు అని అర్థం. రోల్ ఉన్నా లేకున్నా లాగిన్ అయితే చాలనుకుంటే  రెండు * గుర్తులు పక్కపక్కన (**) రాయాలి, 2013లో వచ్చిన సర్వ్‌లెట్ 3.1 నుంచి అది ఉంది. వాళ్లకు ఎన్నాళ్లుగానో అర్థంకాని ఒక 403 దీనితో విడిపోయింది.

19వ రోజు

తలుపుల తనిఖీ. ముందు వాకిలికి ఎంత కాపలా పెట్టినా పెరటి గుమ్మం తెరిచి ఉంటే లాభం లేదు. టామ్‌క్యాట్ 8080 పోర్ట్ ఇంకా వింటోంది. ఆ కనెక్టర్‌ను పూర్తిగా తీసేశాను.

ఏజేపీ పోర్ట్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఆ పోర్ట్‌కు నేరుగా మాట్లాడగలిగినవారు నేను ఫలానా ఉద్యోగిని అంటే టామ్‌క్యాట్ నమ్మేస్తుంది, నమ్మమని మనమే చెప్పాం కదా. 2020లో ఘోస్ట్‌క్యాట్ అన్న లోపం బయటపడ్డాక టామ్‌క్యాట్ వాళ్లు ఏజేపీని డిఫాల్ట్‌గా ఆపేశారు, తెరిస్తే సొంత మెషీన్ చిరునామా మీదే వినేలా, రహస్య పదం తప్పనిసరి అయ్యేలా మార్చారు. పాత ట్యుటోరియళ్లు చూసి సీక్రెట్‌రిక్వైర్డ్‌ను ఫాల్స్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి చేయకండి. రెండు చోట్లా ఒకే రహస్య పదం పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇంకో మెషీన్ నుంచి రెండు పోర్ట్‌లకూ కనెక్ట్ అవడానికి ప్రయత్నించాను. రెండూ నిరాకరించాయి.

23వ రోజు

ఒకరిని ఆమోదం గ్రూపు నుంచి తీసేయించి చూశాను. డైరెక్టరీలో తీశాక కూడా అతను రోజంతా ఆమోదిస్తూనే ఉన్నాడు.

టామ్‌క్యాట్ రోల్స్‌ను ప్రతి రిక్వెస్ట్‌కూ వెతకదు. ఒకసారి తెచ్చి సెషన్‌లో దాచుకుంటుంది, లేకపోతే డైరెక్టరీ తట్టుకోలేదు. సెషన్ టైమవుట్ డిఫాల్ట్‌గా 30 నిమిషాలే అయినా ఆ గడియారం చివరి రిక్వెస్ట్ నుంచి మొదలవుతుంది. అరగంటలోపు ఏదో ఒకటి నొక్కేవారి సెషన్ సాయంత్రం దాకా చావదు, ఉదయం తెచ్చుకున్న రోల్స్ కూడా అలాగే ఉంటాయి.

దీనికి ఒక చిన్న ఫిల్టర్ రాశాను. సెషన్ పుట్టి గంట దాటితే దాన్ని రద్దు చేస్తుంది. ఫారమ్ నింపుతున్నవారి పని పోకుండా, గెట్ రిక్వెస్ట్ వచ్చినప్పుడే ఈ పని చేస్తుంది. ముందున్న సర్వర్ దగ్గర లాగిన్ సజీవంగానే ఉంటుంది కాబట్టి యూజర్‌కు పాస్‌వర్డ్ పేజీ కనబడదు. తర్వాతి రిక్వెస్ట్‌కు కొత్త సెషన్, రెల్మ్‌కు కొత్త ప్రశ్న, కొత్త రోల్స్. రెండో రోజు ఫిల్టర్ వద్దన్న నేనే ఇక్కడ ఫిల్టర్ రాశాను. ఇది రోల్స్ పంచదు, పాతవాటిని మరిచిపోమంటుంది, అంతే.

లాగవుట్ బటన్ కూడా సరిచేశాను. మన సెషన్ ఒక్కటే చంపితే తర్వాతి క్లిక్‌కు మళ్లీ లోపలే ఉంటారు. ఇప్పుడది మాడ్_ఆథ్_ఓపెన్ఐడీసీ రీడైరెక్ట్ చిరునామాకు లాగవుట్ పరామితితో పంపుతుంది, అక్కడి సెషన్ కూడా ముగుస్తుంది.

26వ రోజు

జేఎన్‌డీఐరెల్మ్ కనెక్షన్ పూల్ (డైరెక్టరీకి ఒకేసారి వాడే కనెక్షన్లు) డిఫాల్ట్ విలువ 1. వారం మొదటి ఉదయం అందరూ ఒకేసారి వస్తే ఒకే కిటికీ ముందు వరుస కట్టాలి. కనెక్షన్‌పూల్‌సైజ్ పెంచాను.

30వ రోజు

అందరినీ మార్చాం. నిన్న రాత్రి పాత పాస్‌వర్డ్ కాలమ్ డేటాబేస్ నుంచి తీసేశాను. దాని బ్యాకప్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి వాటినీ తీయించడానికి ఈ వారం పట్టేలా ఉంది.

ఉదయం నుంచి రెండు ఫోన్లు. ఒకటి కొత్తగా చేరిన ఉద్యోగి, ఏ గ్రూపులోనూ లేడు, 403 పేజీ చూశాడు. ఆ పేజీలో మామూలు ఎర్రర్ బదులు మేం రాసిన వాక్యం ఉంది: మీరు లాగిన్ అయ్యారు, ఈ పనికి మీకు అనుమతి ఇంకా ఇవ్వలేదు, మీ మేనేజర్‌ను ఈ గ్రూపు పేరు చెప్పి అడగండి. అతను ఫోన్ చేసి గ్రూపు పేరు చదివాడు. మేనేజర్ చేర్చారు. గంటలోపు మా వైపు నుంచి ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే అతనికి పేజీ తెరుచుకుంది.

రెండోది పక్క టీమ్. వాళ్ల టెస్ట్ పేజీలో మూడు రోల్స్‌కూ ఫాల్స్ వస్తోందట. ముందు ప్రిన్సిపల్ క్లాసు పేరేమిటో చదవమన్నాను.